ఊరిని మున్సిపాలిటీలో కలిపేస్తామంటే ఊరి మాట ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మున్సిపాలిటీకి దగ్గర్లో ఉన్న పల్లె. నేను డ్వాక్రా సంఘం లీడర్‌ని. ఆ మధ్య గ్రామసభ అని పిలిచి, ఊరు మున్సిపాలిటీలో కలుస్తోందని చెప్పి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకున్నారు. పైన ఏం రాశారో ఎవరూ చదివి వినిపించలేదు. ఇంటిపన్ను పెరుగుతుందని, ఉపాధి హామీ పని పోతుందని అందరికీ టెన్షన్‌గా ఉంది. మేం ఒప్పుకోకుండా ఇలా కలపొచ్చా? కోర్టుకు వెళ్తే ఆగుతుందా? మా శివారు పల్లె వాళ్ళు చాలా ఏళ్ళుగా తమకు వేరే పంచాయతీ కావాలని అడుగుతున్నారు. వాళ్ళ సంగతేంటి? నా పేరు, ఊరి పేరు రాయవద్దు.

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సూటిగానే చెప్తాను. ఊరు ఒప్పుకోకపోయినా కలపొచ్చు. కానీ ఊరిని అడక్కుండా కలపకూడదు. వినడానికి ఇది అన్యాయంగానే ఉంటుంది. అడిగి, విని, చివరికి తాము అనుకున్నదే చేస్తే ఇక అడగడం దేనికి అని మీకు అనిపించవచ్చు. అయినా ఆ అడిగే దశను తేలిగ్గా తీసుకోకండి. ప్రతిపాదన బయటికి వచ్చిన రోజు నుంచి తుది నోటిఫికేషన్ గెజిట్‌లో పడే రోజు వరకు మీ కాగితానికి ఉన్న బలం, ఆ తర్వాత ఎంత పెద్ద ధర్నాకూ ఉండదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో స్థానిక ప్రభుత్వం అన్న అంశం రాష్ట్రాల జాబితాలో ఉంది. అందుకే పంచాయతీలను, మున్సిపాలిటీలను ఏర్పాటు చేయడం, కలపడం, విడదీయడం రాష్ట్రం చేతిలోని పని. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు దీనికి ఒక చట్రం వేశాయి. ఆ చట్రంలో గ్రామం అంటే గవర్నర్ పేరిట నోటిఫికేషన్‌లో గ్రామంగా ప్రకటించినది. మీ తాతల నాటి ఊరు, మీ బొడ్రాయి, మీ జాతర వీటితో చట్టానికి పనిలేదు. ఒక నోటిఫికేషన్‌తో గ్రామ పంచాయతీ అయిన ఊరు ఇంకో నోటిఫికేషన్‌తో పట్టణంలో ఒక వార్డు కాగలదు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. భూమి రికార్డుల్లో ఉండే రెవెన్యూ గ్రామం వేరు, పాలన కోసం ఏర్పడిన పంచాయతీ గ్రామం వేరు. మున్సిపాలిటీలో కలిసినంత మాత్రాన మీ సర్వే నంబర్లు మారవు, పట్టాదారు పాస్‌పుస్తకం చెల్లకుండా పోదు, అడంగల్ ఎక్కడికీ పోదు. భూమి పోతుందని ఊళ్ళో ఎవరైనా భయపెడుతుంటే ఆ భయం ముందు తీసేయండి. లేని భయాలతో అభ్యంతరం రాస్తే, ఉన్న భయాలను కూడా అధికారులు పక్కన పెట్టేస్తారు.

మీ రాష్ట్రంలో ఇది రెండు చట్టాల పని. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం మూడో సెక్షన్ కింద మీ ఊరిని పంచాయతీ పరిధి నుంచి తప్పించాలి. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద పట్టణంలో చేర్చాలి. మొదటి పనికి ముందు, ఆ మార్పు ప్రభావం పడే గ్రామ పంచాయతీకి తన అభ్యంతరం చెప్పుకునే తగిన అవకాశం ఇవ్వాలి, వచ్చిన అభ్యంతరాలను పరిశీలించాలి. చట్టం పేరు పెట్టి చెప్పింది గ్రామ పంచాయతీని, అంటే సర్పంచ్, వార్డు సభ్యులు ఉన్న పాలకవర్గాన్ని. ఓటర్లందరితో కూడిన గ్రామసభ వేరు. అందుకే గ్రామసభలో మీరెంత గట్టిగా అరిచినా, పంచాయతీ తీర్మానంలో ఒక్క వాక్యం లేకపోతే ఫైల్లో మీ ఊరి అభ్యంతరం లేనట్టే. మీ సర్పంచ్‌తో, వార్డు సభ్యులతో కూర్చుని, విలీనం మీద ప్రత్యేకంగా సమావేశం పెట్టి కారణాలతో తీర్మానం చేయించండి. పాలకవర్గం గడువు అయిపోయి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న ఊళ్ళలో ఈ అవకాశం ఒక ఉద్యోగి సంతకానికి కుదించుకుపోతుంది. నా దృష్టిలో అది ఊరిని అడిగినట్టు కానే కాదు. మీ ఊళ్ళో పరిస్థితి అదే అయితే ఆ మాటను కూడా అభ్యంతరంలో రాయండి.

ఇక ఆ సంతకాలు. హాజరు కోసం పెట్టిన సంతకాన్ని అంగీకారంగా చూపించడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. మినిట్స్ బుక్‌లో పైన ఖాళీ వదిలి, కింద సంతకాలు తీసుకుని, తీర్మానం తర్వాత నింపుతారు. మీ ఊళ్ళో అదే జరిగిందని నేను అనను, కానీ తేల్చుకోవాల్సింది మాత్రం అదే. ఆ రోజు గ్రామసభ మినిట్స్, తీర్మానం నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. మీ రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి అది వచ్చేదాకా ఊరుకోకండి. ఈలోగానే ఒక తెల్లకాగితం మీద ఇలా రాయండి: "ఫలానా తేదీన జరిగిన గ్రామసభ రిజిస్టర్‌లో నేను చేసిన సంతకం హాజరుకు సంబంధించినది మాత్రమే. తీర్మానం పాఠం మాకు చదివి వినిపించలేదు. మా గ్రామాన్ని మున్సిపాలిటీలో విలీనం చేయడానికి నేను అంగీకారం తెలపలేదు." ఎవరిది వాళ్ళే విడిగా రాసి సంతకం పెడితే మంచిది. ఒకే కాగితం మీద రెండు వందల సంతకాలుంటే దాన్ని ఒక అర్జీగా లెక్కేస్తారు. కార్యదర్శికి, ఎంపీడీవోకి, జిల్లా పంచాయతీ అధికారికి, కలెక్టర్‌కి ఒక్కో కాపీ ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు కూడా వస్తుంది. ముద్ర లేని కాపీ రేపు ఎక్కడా పనికిరాదు.

గ్రామసభల మాటకు అసలు విలువే లేదా అంటే, ఉంది. 2022 జనవరిలో మీ రాష్ట్రంలోనే రాజధాని ప్రాంతంలో 19 గ్రామాలను కలిపి అమరావతి పేరుతో నగరపాలక సంస్థ చేయాలని ప్రతిపాదించి గ్రామసభలు పెట్టారు. ఊరూరా జనం వ్యతిరేకించారు. ఆ కార్పొరేషన్ ఏర్పడలేదు. చట్టం ఆ గ్రామసభలకు వీటో, అంటే అడ్డుకునే అధికారం, ఇవ్వలేదు. కానీ రాతపూర్వకంగా, అన్ని ఊళ్ళలో ఒకే మాట నమోదైతే దాన్ని దాటి ముందుకు వెళ్ళడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. మీ మున్సిపాలిటీలో కలుపుతామంటున్న మిగతా ఊళ్ళు ఏవో కనుక్కుని వాళ్ళతో మాట్లాడమని చెప్పడం అందుకే.

అభ్యంతరంలో ఏం రాయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. దాదాపు ప్రతి అర్జీలోనూ "మాకు ఇష్టం లేదు, పన్నులు కట్టలేము" అన్న రెండు ముక్కలే కనిపిస్తాయి. రాజ్యాంగం 243క్యూ అధికరణం ఒక ప్రాంతాన్ని పట్టణంగా చూడాలంటే గవర్నర్ ఏమేం గమనించాలో పేర్కొంది: జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ళ శాతం, ఆర్థిక ప్రాధాన్యం, ప్రభుత్వం సబబనుకున్న ఇతర అంశాలు. మీ అభ్యంతరం ఈ గీటురాళ్ళ మీద నిలబడాలి. మీ ఊళ్ళో ఎన్ని కుటుంబాలకు జాబ్ కార్డులున్నాయి, అందులో పోయిన ఏడాది ఎందరు పనికి వెళ్ళారు? ఎందరు రైతులు, కౌలు రైతులు, కూలీలు? పట్టణంలో ఉద్యోగానికో కూలికో రోజూ వెళ్ళివచ్చేవాళ్ళు ఎందరు? పట్టణం చివరి ఇంటికీ మీ ఊరి మొదటి ఇంటికీ మధ్య సాగులో ఉన్న పొలం ఎంత? పంచాయతీ సొంత ఆదాయం ఏడాదికి ఎంత, అందులో ఇంటిపన్ను ఎంత? ఈ లెక్కలన్నీ మీ ఊళ్ళోనే ఉన్నాయి. సంఘాల్లో ఇల్లిల్లూ తెలిసినవాళ్ళు మీరే, ఒక వారం కూర్చుంటే ఏ కన్సల్టెన్సీ తేలేని వివరాలు మీ నోట్‌బుక్‌లో ఉంటాయి. "మా ఊళ్ళో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది వ్యవసాయం మీదే బతుకుతున్నారు, వార్డులవారీ వివరాలు జతచేస్తున్నాం" అన్న వాక్యానికి అధికారి జవాబు రాయక తప్పదు. "మాకు ఇష్టం లేదు" అన్నదానికి "గమనించడమైనది" అని రాసి ఊరుకుంటారు.

ఒకవేళ ఆ లెక్కలు మీకు ఎదురు తిరిగితే? ఊరి చుట్టూ ప్లాట్లు పడి, సగం మంది టౌన్‌లో పని చేస్తూ, మురుగు కాలువ లేక, తాగునీటికి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఊళ్ళకు పంచాయతీ చాలదు, కలవడమే మంచిదని నేను అనుకుంటాను. మీ ఊరు ఏ రకమో మీకే తెలుసు. లెక్క తీసిన తర్వాతే మనసు గట్టి చేసుకోండి.

ఇప్పుడు పన్ను. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో ఆస్తిపన్నును మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, అంటే స్థలం, కట్టడం రిజిస్ట్రేషన్ విలువల ఆధారంగా. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటు ఉండాలి. ఎంతన్నది ఆ హద్దుల్లో కౌన్సిల్ నిర్ణయిస్తుంది. 10 లక్షల విలువ కట్టిన ఇంటికి తక్కువ రేటైతే ఏడాదికి 1,000 రూపాయలు, ఎక్కువ రేటైతే 5,000. మీరు కలవబోయే మున్సిపాలిటీ ఏ రేటు వేస్తోందో ఆ ఆఫీసులోనే అడిగి, మీ ఊళ్ళో నాలుగైదు రకాల ఇళ్ళకు లెక్కేసి చూసుకోండి. పూర్తిగా వ్యవసాయానికే వాడే భూమి మీద ఖాళీ స్థలం పన్ను పడదు. బీడు పెట్టిన స్థలం మీద, ప్లాట్ల మీద పడుతుంది.

ఉపాధి హామీ విషయంలో మాత్రం మీ భయం నిజమే. అది గ్రామీణ ప్రాంతాల పథకం. ఊరు పట్టణంలో కలిస్తే ఆ పని ఉండదు. ఎండాకాలంలో ఆ కూలి డబ్బుల మీదే ఇల్లు నడిపే ఆడవాళ్ళకు దీనికి బదులుగా పట్టణంలో దొరికేది ఏమీ లేదు. మీ అభ్యంతరంలో నేనైతే దీన్నే మొదట రాస్తాను, ఎన్ని కుటుంబాలకు ఎంత నష్టమో అంకెలతో సహా. కేంద్రం ఇళ్ళ పథకం కూడా గ్రామానికి వేరు, పట్టణానికి వేరు. ఇల్లు మంజూరై బిల్లులు పెండింగ్‌లో ఉన్నవాళ్ళ జాబితా కూడా తీయండి.

డబ్బుతో సంబంధం లేని నష్టం ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మీ రాష్ట్రంలో జనాభాను బట్టి ఒక గ్రామ పంచాయతీకి 5 నుంచి 21 మంది సభ్యులుంటారు. వీధి దీపం వెలగకపోతే మీ వార్డు మెంబరును రచ్చబండ దగ్గరే అడుగుతారు. కలిసిన తర్వాత ఊరు మొత్తానికి ఒకరో ఇద్దరో కౌన్సిలర్లు. ఊరు చిన్నదైతే పక్క కాలనీతో కలిపి ఒకే వార్డు, ఆ కౌన్సిలర్ పక్క కాలనీ మనిషి కావచ్చు. అందుకే విలీనం ఆగకపోతే, మీ తర్వాతి పని వార్డుల విభజన ముసాయిదా కోసం కాచుకుని ఉండటం. దాని మీద కూడా అభ్యంతరాలు అడుగుతారు. ఆ గడువు చాలా తక్కువ ఉంటుంది, మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు చూడని ఊళ్ళకు అది తెలియకుండానే దాటిపోతుంది.

కోర్టు సంగతి. 1989లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలోని కల్యాణ్ నగరపాలక సంస్థ వ్యవహారంలో ఇచ్చిన తీర్పు ఇలాంటి కేసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కల్యాణ్, డోంబివలి, అంబర్‌నాథ్, ఉల్లాస్‌నగర్‌లను కలపాలని ముందు ప్రతిపాదించి, ఉల్లాస్‌నగర్ జనం అభ్యంతరం చెప్పాక ప్రభుత్వం దాన్ని తప్పించింది. దాన్నెందుకు వదిలేశారని మిగతా చోట్ల వాళ్ళు కోర్టుకెళ్ళారు. ఇది శాసనం చేయడం లాంటి పని, చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలు, అంతకు మించి ఒక్కొక్కరి వాదన వినాలని కోర్టు చెప్పదు అని సుప్రీంకోర్టు తేల్చింది. మరోవైపు 1987లో హిమాచల్ ప్రదేశ్ కేసులో, పల్లె ప్రాంతాన్ని పట్టణ పాలన కిందికి తెస్తే జనం మీద పన్నుల భారం, ఇతర పర్యవసానాలు ఉంటాయి కాబట్టి వాళ్ళకు చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందే అంది అదే సుప్రీంకోర్టు. ఈ రెంటినీ కలిపి చదివితే మీకు పనికొచ్చేది ఇది: ఊరిని కలపడం తెలివైన పనా కాదా అని హైకోర్టు చూడదు. చట్టం చెప్పిన నోటీసు ఇచ్చారా, అభ్యంతరాలు తీసుకున్నారా, వాటిని చూశారా అన్నది చూస్తుంది. ఆ ముద్ర వేసిన కాపీలు ఉంటేనే మీ లాయర్‌కు చెప్పడానికి ఏమైనా ఉంటుంది. ఉల్లాస్‌నగర్‌ను వదిలేయించింది కోర్టు కాదు, నోటిఫికేషన్ దశలో పెట్టిన అభ్యంతరాలే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక కోర్టులు చేయి పెట్టడానికి చాలా వెనకాడతాయి. వార్డుల విభజన చట్టాలను, ఎన్నికలను కోర్టులు ప్రశ్నించకుండా రాజ్యాంగంలోనే అడ్డు ఉంది. వెళ్ళాలనుకుంటే తుది నోటిఫికేషన్ వచ్చిన వెంటనే వెళ్ళాలి.

తెలంగాణలో ఉన్న మీ బంధువులు తమ దగ్గర ఇలా జరగలేదే అనవచ్చు. అక్కడ 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామాల పేర్లను షెడ్యూల్‌లోనే రాశారు. మార్చాలంటే చట్టాన్నే సవరించాలి. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను ఆర్డినెన్స్‌తో మున్సిపాలిటీల్లో కలిపింది ఆ దారిలోనే. ఆ దారిలో ఊరిని అడిగే మెట్టు దాదాపు ఉండదు. పాత పద్ధతిలో లోపాలెన్ని ఉన్నా, మీ రాష్ట్రంలో మీకు దక్కుతున్న అవకాశం విలువ దీన్నిబట్టి తెలుస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని, అంటే రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన గిరిజన ప్రాంతాల్లోని, పాఠకులకు ఒక్క మాట: మున్సిపాలిటీల భాగం మీ ప్రాంతాలకు దానంతటదే వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి విస్తరిస్తేనే వర్తిస్తుంది. 2020లో తెలంగాణ అంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు పాల్వంచ, మణుగూరు, మందమర్రి ఈ కారణంగానే ఎన్నికలు లేకుండా ఉండిపోయాయి. మీ దగ్గర విలీనం మాట వస్తే మొదటి అభ్యంతరం అదే కావాలి.

మీ ప్రతిపాదన తేదీ కూడా చూడండి. 2027 జనాభా లెక్కల కోసం సరిహద్దుల మార్పులేవైనా 2025 డిసెంబర్ 31 లోపు ముగించుకోవాలని, ఆ తర్వాత కదపవద్దని కేంద్రంలోని రిజిస్ట్రార్ జనరల్ రాష్ట్రాలకు రాశారు. మీ ఊరి ఫైలు ఆ తేదీ తర్వాతదైతే, ఈ నిషేధం ఉండగా ఎలా ముందుకు వెళ్తున్నారని కలెక్టర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఫైలు ఆగిపోదు కానీ, మీ లెక్కలు తీసుకోవడానికి సమయం దొరుకుతుంది.

ఇక మీ శివారు పల్లె. వాళ్ళ కోరిక న్యాయమైనదే, చట్టంలో దారి కూడా ఉంది. ఒక రెవెన్యూ గ్రామంలోని ఆవాసాన్ని గానీ, కొంత భాగాన్ని గానీ విడిగా గ్రామంగా ప్రకటించవచ్చు. తెలంగాణలో 2018లో తండాలు, గూడేలు సహా 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,751 అయ్యాయి. కానీ వాళ్ళ అర్జీని మీ విలీన అభ్యంతరంతో కలపకండి. "కలపొద్దు" అన్నదీ "విడదీయండి" అన్నదీ ఒకే కాగితంలో ఉంటే ఊళ్ళోనే ఏకాభిప్రాయం లేదని రాసేస్తారు. వాళ్ళు విడిగా రాయాలి: "విలీనం జరిగే పక్షంలో మా ఆవాసాన్ని మినహాయించి ప్రత్యేక గ్రామంగా ప్రకటించండి." ఇది రాసే ముందు ప్రతిపాదనకు జతచేసిన షెడ్యూల్ తెప్పించుకుని సర్వే నంబర్లు ఒక్కొక్కటీ విలేజ్ మ్యాప్ పక్కన పెట్టి చూడండి. మీ గ్రామ సర్వేయర్ ఒక గంటలో చూసి చెప్పగలరు. కొన్నిసార్లు తల్లి ఊరి నంబర్లు మాత్రమే రాసి, ఆవాసం నంబర్లు వదిలేస్తారు. అప్పుడు ఆ పల్లె అటు పట్టణానికీ చెందక, ఇటు దానికి పంచాయతీ ఆఫీసూ మిగలక నీళ్ళ మోటారు రిపేరుకు కూడా ఎవరిని అడగాలో తెలియని స్థితిలో పడుతుంది. ఆ నంబర్లు జాబితాలో ఉన్నాయో లేవో ఈ వారంలోనే చూడండి. లేకపోతే ఆ ఒక్క సంగతి మీద వాళ్ళ అర్జీ మీ అర్జీ కంటే ముందు వెళ్ళాలి.